టీవీల వచ్చిన ప్రోగ్రాంని కంప్యూటర్‌ల పట్టి డీవీడీ కొట్టుడు ఎట్ల

పోయినేడు దసరా ముంగట మా చిన్నాయన వాళ్ల ఒగ్గు కథ టీవీల వచ్చింది. అరగంట ప్రోగ్రాం, మల్లన్న కథ. మాది దేవరకొండ దిక్కు ఒక ఊరు, ఆ సాయంత్రం మా వాడ మొత్తం టీవీల ముందే కూసున్నది. నేనేమో నల్లగొండల నా రూమ్‌ల లాప్‌టాప్‌కి సెట్‌టాప్ బాక్స్ కలిపి రికార్డింగ్ పెట్టిన, అయిపోయినంక ప్లే చేసి చూస్తే బొమ్మ అద్దం లెక్క ఉంది కానీ సౌండు లేదు. ఒగ్గు కథల డోలు లేకుండ, తాళాలు లేకుండ, కథ చెప్పే గొంతు లేకుండ ఇంకేముంటది? చిన్నాయన నోరు కదులుతున్నది, అంతే. ఆ రాత్రి నాకు అన్నం పోలే. రెండు నెలలు అయినంక పొద్దుగాల అయిదున్నరకు అదే ప్రోగ్రాం మళ్లీ వేసిండ్రు కాబట్టి దొరికింది, లేకుంటే పోయినట్టే. మీకు అట్ల కావొద్దని ఇదంతా రాస్తున్న, కొంచెం పొడుగైతది, ఓపికగ చదవండి.

డీవీడీ ఎందుకు, పెన్‌డ్రైవ్ చాలదా అని అడుగుతరు. చాలుతది, మీ ఇంట్ల కొత్త టీవీ ఉంటే. మా చిన్నాయన ఇంట్ల పాత డబ్బా టీవీ, దాని కింద డీవీడీ ప్లేయర్ ఉంటది, చిన్నమ్మకు రిమోట్‌ల ప్లే బటన్ ఎక్కడుందో తెలుసు, డిస్క్ పెడితే నడుస్తది, ఆమెకు అంతే కావాలె. యూట్యూబ్‌ల అన్నీ దొరుకుతయి అనుకునుడు కూడా తప్పే. మన దిక్కు నుంచి 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022ల పద్మశ్రీ వచ్చింది, దామరగిద్ద బుర్రవీణ దాసరి కొండప్పకు 2024ల వచ్చింది, అసుంటి వాళ్ల ప్రోగ్రాంలు ఎన్నో వెతికితే దొరుకుతయి, కానీ పేరు రాని కళాకారులు, దూరదర్శన్ తెలంగాణ ఛానల్ డీడీ యాదగిరిల ఒక్క పొద్దు కనిపించి పోయినోళ్లు, లోకల్ కేబుల్‌ల జాతర లైవ్‌ల డోలు పట్టుకొని కనిపించినోళ్లు, వాళ్లవి ఎవరు ఎక్కిస్తరు? మనమే పట్టుకోవాలె.

ముందుగాల ఒక్క మాట. ఇది మీ ఇంట్ల చూసుకోడానికి, ఆ ప్రోగ్రాంల ఉన్న మీ మనిషికి ఇచ్చుకోడానికి మటుకే. ప్రోగ్రాం మీద హక్కు ఛానల్‌ది, కాపీలు కొట్టి అమ్ముడు, ఆన్‌లైన్‌ల ఎక్కిచ్చుడు చెయ్యకండి.

ఏమేం కావాలె అంటే, సెట్‌టాప్ బాక్స్ వెనక పసుపు తెలుపు ఎరుపు రంగుల మూడు రంధ్రాలు ఉంటయి చూడండి, కొన్ని కొత్త బాక్సులకు ఆ మూడింటి బదులు ఇయర్‌ఫోన్ పిన్ను పట్టే ఒక్క రంధ్రం ఉంటది, దానికి వేరే వైరు వస్తది. పసుపు బొమ్మకు, తెలుపు ఎడమ సౌండుకు, ఎరుపు కుడి సౌండుకు. ఈ మూడింటిని కంప్యూటర్‌కు తెచ్చేదే యూఎస్‌బీ వీడియో క్యాప్చర్ డివైజ్, పెన్‌డ్రైవ్ కంటే కొంచెం పెద్దగ ఉంటది, ఒక దిక్కు యూఎస్‌బీ, ఇంకో దిక్కు మూడు రంగుల తోకలు. కోఠిల గుజరాతీ గల్లీల అడిగినా, సికింద్రాబాద్‌ల కంప్యూటర్ సామాన్ల మార్కెట్ సీటీసీల అడిగినా చూపిస్తరు, ఆన్‌లైన్‌ల కూడా ఉంటయి. మీ విండోస్‌ల ఈ డివైజ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, డ్రైవర్ అంటరు, ఉందా లేదా కొనేముందే అడగండి, ఇది మర్చిపోయి తెచ్చుకుంటే పెట్టెల పెట్టుకునుడే. ఇప్పటి లాప్‌టాప్‌లకు డీవీడీ డ్రైవ్ రావట్లే కాబట్టి యూఎస్‌బీతోని నడిచే బయటి డీవీడీ రైటర్ ఒకటి, ఖాళీ డిస్కులు ఒక అయిదు, హార్డ్‌డిస్క్‌ల కనీసం 20 జీబీ జాగ. సాఫ్ట్‌వేర్‌లు మొత్తం ఫ్రీవే: పట్టుడుకు ఓబీఎస్ స్టూడియో, కోసుడుకు ఎవిడెమక్స్, డీవీడీ తయారు చేసుడుకు డీవీడీస్టైలర్, డిస్క్ మీద రాసుడుకు ఇమ్‌గ్‌బర్న్. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెక్స్ట్ నెక్స్ట్ కొట్టుకుంట పోకండి, నడుమల వేరే ఏదో సాఫ్ట్‌వేర్ కూడా వేసుకోమని అడుగుతది, దాని టిక్ తీసేయండి.

హెచ్‌డీఎంఐ నుంచి పట్టొచ్చు కదా అంటరా, పైసలు కట్టే కనెక్షన్ బాక్సులకు హెచ్‌డీఎంఐల హెచ్‌డీసీపీ అని తాళం ఉంటది, క్యాప్చర్ కార్డ్‌ల నల్లటి తెర తప్ప ఏం రాదు. దాంతోని కుస్తీ పట్టకండి. డీవీడీ బొమ్మ ఎట్లాగూ 720 ఇంటూ 576 చుక్కలే కాబట్టి మూడు రంగుల వైరే సరిపోతది. ఇంకొకటి, ఇంట్ల ఫ్రీ డిష్ బాక్స్ ఉంటే దాని ముందట యూఎస్‌బీ రంధ్రం ఉందేమో చూడండి, చాలా వాటిల పెన్‌డ్రైవ్ పెట్టి రిమోట్‌ల రికార్డ్ కొడితే నేరుగ ఫైల్ పడతది, దాన్ని కంప్యూటర్‌ల వేసి ఓపెన్ అయితే మీకు సగం పని తప్పినట్టే, కోసే దగ్గర నుంచి చదువుకోండి. డీటీహెచ్ రికార్డర్ బాక్సులల్ల పట్టింది మటుకు ఆ బాక్స్‌లనే నడుస్తది, బయటికి రాదు.

ఇగ కనెక్షన్. రంగుకు రంగు కలపండి, యూఎస్‌బీని నేరుగ లాప్‌టాప్‌కే పెట్టండి, నడుమ హబ్ వద్దు. మా బాక్స్‌ల టీవీకి హెచ్‌డీఎంఐ, లాప్‌టాప్‌కు మూడు రంగుల వైరు రెండూ ఒకేసారి నడుస్తయి, కాబట్టి రికార్డ్ అయితుంటే టీవీల కూడా చూడొచ్చు, మీ బాక్స్‌ల నడుస్తయో లేదో ముందే చూసుకోండి.

ఓబీఎస్ తెరిచి కింద సోర్సెస్ అనే డబ్బాల ప్లస్ నొక్కి వీడియో క్యాప్చర్ డివైజ్ తీసుకోండి, లిస్టుల మీ డివైజ్ పేరు వస్తది. బొమ్మ రాకుంటే భయపడకండి, అదే విండోల కాన్ఫిగర్ క్రాస్‌బార్ అని బటన్ ఉంటే దాంట్ల కాంపోజిట్ పెట్టండి, ఎస్-వీడియో మీద ఉంటే ఏం రాదు. బొమ్మ వచ్చింది కానీ నలుపు తెలుపుల ఉంది, లేకుంటే మీదికి కిందికి జారుతున్నది అంటే స్టాండర్డ్ తప్పు ఉన్నట్టు. మన దేశంల పాల్, ఆ డివైజ్‌లు చాలా వరకు అమెరికా పద్ధతి ఎన్‌టీఎస్‌సీ మీద పెట్టి వస్తయి. కాన్ఫిగర్ వీడియోల పోయి పాల్ బీ పెట్టండి, రంగు టక్కున వస్తది.

సెట్టింగ్స్‌ల వీడియో దగ్గర రెండు రిజల్యూషన్లు కూడా 720x576 అని టైప్ చేయండి, ఫ్రేములు 25. ఆడియో దగ్గర 48 కిలోహెర్ట్జ్, ఎందుకంటే డీవీడీకి అదే కావాలె. అవుట్‌పుట్‌ల రికార్డింగ్ ఫార్మాట్, అంటే ఫైల్ రకం, ఎంకేవీ పెట్టండి, ఎంపీ4 వద్దు. దీనికి కారణం మనకు మంచిగ తెలిసిందే, కరెంటు. మామూలు ఎంపీ4ల నడుమల కరెంటు పోతే ఫైల్ మొత్తం ఖరాబ్, అసలు ఓపెన్ కాదు, ఎంకేవీ అయితే పోయిన దాకా పట్టింది మిగులుతది. బిట్‌రేట్, అంటే సెకండుకు ఎంత డేటా రాయాల్నో ఆ లెక్క, 8000 కిలోబిట్లు పెట్టండి, గంటకు 3.6 జీబీ దాకా తింటది, చాలు. ఫైల్ పడే డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిల ఫార్మాట్ చేసి ఉండాలె, ఫ్యాట్32ల ఉంటే ఒక ఫైల్ 4 జీబీ దాటంగనే ఆగిపోతది, పాత ఎక్స్‌టర్నల్ డిస్కులల్ల ఈ తిప్పలు ఉంటది.

ఇంకో ముఖ్యమైనది, మన టీవీ బొమ్మ ఇంటర్లేస్ అంటరు, అంటే సెకండుకు 50 సగం సగం బొమ్మలు వస్తయి, ఒకదాంట్ల బేసి గీతలు, ఇంకోదాంట్ల సరి గీతలు. టీవీల ఇది తెలువదు, కంప్యూటర్‌ల మటుకు కదిలే వస్తువు అంచు దువ్వెన పండ్ల లెక్క చీలి కనిపిస్తది. నేను మొదట పట్టినదాంట్ల చిన్నాయన పక్కన డోలు కొట్టేటాయన చెయ్యి మొత్తం అట్ల చీలికలు చీలికలుగనే వచ్చింది, పుల్ల ఎక్కడుందో చెయ్యి ఎక్కడుందో తెలువలే. ఓబీఎస్‌ల సోర్స్ మీద రైట్ క్లిక్ చేసి డీఇంటర్లేసింగ్‌ల యాడిఫ్ పెట్టండి, పోతది. బొమ్మ ముందుకు ఎనకకు కొట్టుకుంటున్నట్టు అనిపిస్తే అదే మెనూల కింద టాప్ ఫీల్డ్, బాటమ్ ఫీల్డ్ అని ఉంటది, ఒకదాని బదులు ఇంకోటి పెట్టి చూడండి.

ఇప్పుడు సౌండు. నా కొంప ముంచింది ఇదే కాబట్టి నింపాదిగ చెప్త. విండోస్‌కు ఈ డివైజ్ సౌండు మైక్ లెక్క కనిపిస్తది, స్పీకర్ లెక్క కాదు. ఓబీఎస్ పెట్టంగనే డెస్క్‌టాప్ ఆడియో, మైక్ అని సౌండు వస్తుంటే కదిలే రెండు గీతలు కనిపిస్తయి, నేను ఆ రోజు గీత కదులుతున్నది కదా అనుకున్న, కదిలింది లాప్‌టాప్ మైక్ గీత, రూమ్‌ల టీవీ సౌండుకు. కొంచెం సేపు అయినంక ఎందుకు అనవసరంగ అని దాన్ని మ్యూట్ చేసిన. డివైజ్ సౌండు అసలు యాడ్ చెయ్యనే లేదు. అందుకే ముందుగాల ఆ రెండూ మ్యూట్ చేయండి, తర్వాత సోర్సెస్‌ల ప్లస్ నొక్కి ఆడియో ఇన్‌పుట్ క్యాప్చర్ తీసుకొని లిస్టుల యూఎస్‌బీ ఆడియో లాంటి పేరున్నది ఎంచుకోండి. ఇప్పుడు టీవీ రిమోట్‌తోని టీవీ సౌండు పూర్తిగ బంద్ చేసి చూడండి, బాక్స్ రిమోట్‌తోని కాదు. టీవీ బంద్ ఉన్నా గీత కదిలితే అది వైరు నుంచి వచ్చే సౌండే, ఇంక అనుమానం అక్కర్లే. కదలకుంటే విండోస్ సెట్టింగ్స్‌ల ప్రైవసీల పోయి మైక్రోఫోన్ దగ్గర డెస్క్‌టాప్ యాప్‌లకు పర్మిషన్ ఉందా చూడండి, అది ఆఫ్‌ల ఉంటే ఎంత తిప్పినా రాదు.

ఎంత సౌండు పెట్టాలె అంటే, చాలా బాక్సులల్ల వైరుల పోయే సౌండు కూడా బాక్స్ రిమోట్ వాల్యూమ్‌తోనే పెరుగుతది తగ్గుతది. వార్తలు చూసుకుంట లెవల్ పెట్టుకుంటే మోసపోతరు, మాట్లాడే గొంతుకు సరిపోయిందే డోలు దెబ్బకు పగులుతది. ఓబీఎస్‌ల గీత ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ఉంటది కదా, మామూలు మాటలు ఆకుపచ్చ చివర్ల ఉండాలె, గట్టి దెబ్బలు పసుపుల ఉండాలె, ఎరుపు ముట్టొద్దు. తక్కువ సౌండు పట్టింది తర్వాత పెంచుకోవచ్చు, పగిలిన సౌండు ఎవ్వడు బాగు చెయ్యలేడు. ఒగ్గు కథ, డప్పు, బతుకమ్మ పాటల అసుంటివి పట్టేముందు అదే ఛానల్‌ల ఏదైనా పాటల ప్రోగ్రాం వచ్చినప్పుడు లెవల్ పెట్టుకోండి.

ముందురోజు అయిదు నిమిషాలు ఉత్తగ పట్టి చూడండి. ఇది తప్పించుకోకండి, నేను తప్పించుకున్న కాబట్టే చెప్తున్న. పట్టినదాన్ని ఇయర్‌ఫోన్ పెట్టుకొని పూర్తిగ ఇనండి, రెండు చెవులకు వస్తున్నదా, మనిషి పెదవులు మాటా కలుస్తున్నయా చూడండి. కలవకుంటే ఓబీఎస్‌ల అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌ల సింక్ ఆఫ్‌సెట్ అని ఉంటది, 100, 200 మిల్లీసెకండ్లు అట్ల మార్చుకుంట చూసుకోండి.

అసలు రోజు చెయ్యాల్సినవి: లాప్‌టాప్ చార్జింగ్‌ల పెట్టి స్లీప్ ఆఫ్ చేయండి, విండోస్ అప్‌డేట్ వారం పాజ్ చేయండి. లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటది, కరెంటు పోతే సెట్‌టాప్ బాక్స్‌కు ఏముంటది? అది మర్చిపోతరు అందరు. బాక్స్‌ను ఇన్వర్టర్ లైన్ మీద పెట్టండి, కంప్యూటర్ యూపీఎస్ ఉన్నా సరిపోతది, బాక్స్ పెద్దగ కరెంటు తినదు. రీచార్జ్ అయిపోవస్తే తెర మీద అడ్డంగ మెసేజ్ తిరుగుతది, అది కూడా రికార్డ్‌ల పడతది, కాబట్టి ముందే రీచార్జ్ కొట్టియ్యండి. ప్రోగ్రాం టైముకు పది నిమిషాల ముందే రికార్డ్ మొదలుపెట్టి, అయిపోయినంక పది నిమిషాలకు ఆపండి, ఛానల్ గడియారం మన గడియారం ఒక్క తీరుగ ఉండవు. బాక్స్ రిమోట్‌ను పిల్లలకు అందకుండ మీదికి పెట్టండి, తెర మీద వాల్యూమ్ గీత వచ్చినా రికార్డ్‌ల పడిపోతది.

పట్టినంక ఆ అసలు ఫైల్‌ను ముట్టకండి, ఒక కాపీ తీసుకొని దాని మీద పని చేయండి. ఎవిడెమక్స్‌ల తెరిచి వీడియో, ఆడియో రెండూ కాపీ అనే ఆప్షన్ మీదనే ఉంచండి, మక్సర్, అంటే సేవ్ అయ్యే ఫైల్ రకం, ఎంకేవీ. మీది బాణం, కింది బాణం నొక్కితే కోయడానికి పనికొచ్చే ఫ్రేముల మీదికి దుంకుతది, ప్రకటన మొదలయ్యే దగ్గర ఏ గుర్తు, అయిపోయే దగ్గర బీ గుర్తు పెట్టి డిలీట్ కొట్టండి. ఒక రెండు సెకండ్ల ప్రకటన మిగిలినా మంచిదే, కథల ఒక్క మాట తెగొద్దు. అయిపోయినంక సేవ్ చేసి తెగిన దగ్గరల్ల మటుకు ఒకసారి చూసుకోండి.

తర్వాత డీవీడీస్టైలర్. కొత్త ప్రాజెక్ట్ తీయంగనే అడుగుతది, డిస్క్ 4.7 జీబీ, పాల్, ఆడియో ఏసీ3, యాస్పెక్ట్, అంటే బొమ్మ వెడల్పు ఎత్తుల లెక్క, మీ ప్రోగ్రాం వెడల్పుది అయితే 16:9, పాత చదరం బొమ్మ అయితే 4:3. ప్రివ్యూల మనిషి మొహం సాగిందా సన్నబడ్డదా చూడండి, గుండ్రంగ ఉన్న డోలు గుండ్రంగనే కనిపించాలె, కోడిగుడ్డు లెక్క ఉంటే యాస్పెక్ట్ తప్పు పడ్డట్టు. వీడియో బిట్‌రేట్ ఆటో మీద పెడితే అదే లెక్క చూసుకుంటది, అయినా లెక్క తెలిసి ఉంటే మంచిది: 4.7 జీబీ డిస్క్‌ల రెండు గంటలు పెడితే సౌండుతో కలిపి సెకండుకు 5 మెగాబిట్ల పైన వస్తది, గంటన్నరకు 7 దగ్గర. రెండు గంటలు దాటించకండి, బొమ్మ గళ్లు గళ్లు అయితది. గంట లోపలైతే 8 పెట్టండి, డీవీడీల వీడియోకు హద్దు 9.8, అంతదాకా పోతే పాత ప్లేయర్లు ఎక్కిళ్లు పెడతయి. ఇంకో సంగతి, 4.7 జీబీ అని డబ్బా మీద ఉన్నా విండోస్‌ల 4.37 అనే చూపిస్తది, డిస్క్ మోసం కాదు, లెక్కబెట్టే పద్ధతి వేరు.

మెనూ సింపుల్‌గ పెట్టండి, ఒక ఫోటో, దాని మీద ఒకటే బటన్. మెనూల తెలుగు అక్షరాలు సరిగ్గ రాకుంటే, వత్తులు ఇరిగినట్టు కనిపిస్తే, పేరు ఫోటో మీదనే వేరే దాంట్ల రాసి ఆ ఫోటోనే బ్యాక్‌గ్రౌండ్ పెట్టుకోండి. పెద్దోళ్లకు ఇచ్చే డిస్క్ అయితే నేను మెనూనే తీసేస్త, పెట్టంగనే కథ మొదలైతది. పది నిమిషాలకు ఒక చాప్టర్ పెడితే నెక్స్ట్ బటన్ పనికొస్తది. చివరికి బర్న్ నొక్కినప్పుడు నేరుగ డిస్క్ మీద రాయకుండ ఐఎస్‌ఓ ఫైల్, అంటే డిస్క్ మొత్తం ఒక్క ఫైల్‌ల ఉండేది, చేయమని పెట్టండి. పాత లాప్‌టాప్ అయితే గంట వీడియోకు చాలా సేపే తీసుకుంటది, రాత్రి పెట్టి పండుకోండి. ఆ ఐఎస్‌ఓను వీఎల్‌సీ ప్లేయర్‌ల తెరిచి చూస్తే అచ్చం డిస్క్ లెక్కనే నడుస్తది, తప్పేదన్న ఉంటే ఇక్కడనే దొరుకుతది, డిస్క్ దండగ కాదు.

డిస్క్ మీద రాసుడు. డీవీడీ మైనస్ ఆర్ (DVD-R) డిస్కులు కొనండి, పాత ప్లేయర్లు ప్లస్ ఆర్ (DVD+R) కంటే దాన్నే ఎక్కువ తీసుకుంటయి. ఇమ్‌గ్‌బర్న్‌ల రైట్ ఇమేజ్ ఫైల్ టు డిస్క్ నొక్కి ఐఎస్‌ఓ ఇచ్చి, స్పీడ్ 16ఎక్స్ అని డబ్బా మీద ఉన్నా 4ఎక్స్ గాని 8ఎక్స్ గాని పెట్టండి. 4ఎక్స్‌ల నిండు డిస్క్‌కు 15 నిమిషాలు, అంతకంటే తొందర మనకెందుకు. కింద వెరిఫై టిక్ ఉండాలె, రాసినంక మొత్తం మళ్లీ చదివి ఐఎస్‌ఓతో పోల్చి చూస్తది. రాస్తుంటే లాప్‌టాప్‌ల వేరే పనులు పెట్టకండి, రైటర్ ఉన్న టేబుల్ కదిలించకండి.

డిస్క్ మీద పేరు, తారీఖు సీడీ మార్కర్‌తోనే రాయండి. బాల్‌పెన్నుతోని గట్టిగ ఒత్తి రాస్తే డిస్క్ ఖరాబ్ కావొచ్చు, కాయితం స్టిక్కర్ అతికిస్తే తిరిగేటప్పుడు అదురుతది. కిటికీల, కారు డాష్‌బోర్డ్ మీద పెట్టకండి, మే నెలల మన నల్లగొండ ఎండకు డిస్క్‌ల వీడియో రాసి ఉన్న రంగు పొర మాడిపోతది, డిస్క్ వంగుతది. బీరువాల నిలబెట్టి పెట్టాలె. ఎప్పుడూ రెండు కొట్టండి, అసలు ఎంకేవీ ఫైల్ ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌ల వేసి పెట్టండి.

ఇచ్చేముందు వాళ్ల ప్లేయర్‌లనే పెట్టి చూడాలె, మన లాప్‌టాప్‌ల నడిచింది కదా అని ఇచ్చి రాకండి. నేను తీసుకపోయిన మొదటి డిస్క్ చిన్నాయన ప్లేయర్‌ల నో డిస్క్ అన్నది, లెన్స్ మీద దుమ్ము అనుకొని మెత్తని బట్టతో తుడిచినా అంతే, అది 16ఎక్స్‌ల కొట్టింది. వాపస్ వచ్చి 4ఎక్స్‌ల ఇంకోటి కొట్టి వారం అయినంక తీసుకపోయిన, పట్టింది. చిన్నమ్మ ప్లే నొక్కింది, డోలు మోగంగనే బయట అరుగు మీద కూసున్న చిన్నాయన లోపలికి వచ్చిండు. మేనత్తకు కూడా ఒకటి కావాలన్నడు, ఆమె అచ్చంపేటల ఉంటది, ఐఎస్‌ఓ దాచిపెట్టిన కాబట్టి దానికి ఇంకో 15 నిమిషాలే పట్టింది.